ముందు మూడు హాస్టళ్ల కరెంటు బిల్లులు తెమ్మనండి

ఒడిశాలోని జయపురం నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు మెకానికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాడు. సోలార్, హీట్ పంపు కలిపి ఇళ్లకు వేడి అందించే వ్యాపారం పెడతాడట. విశాఖలో ఉద్యోగం చూసుకోరా అంటే వినడు. ఏం చేయమంటారు?"

మీవాడు మంచి సరుకే పట్టుకున్నాడండీ, కొనేవాణ్ణే ఇంకా వెతకలేదు. చలి దేశాల్లో ఇల్లంతా వెచ్చబెట్టడానికి ఇలాంటివి వాడతారు. మన కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సెమిలిగుడ చలి సంగతి మీకు నేను చెప్పాలా! అయినా ఆ రెండు నెలలూ దుప్పటితో గడిచిపోతాయి. గది కోసం ఎవరూ డబ్బు తీయరు. వేడినీళ్లకు తీస్తారు.

100 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50కి తేవడానికి గీజర్‌కు సుమారు మూడున్నర యూనిట్లు కావాలి. హీట్ పంపు గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది కాబట్టి దాదాపు మూడో వంతు కరెంటుతో సరిపెడుతుంది. మంచి ఎండ ఉంటే సోలారే నీళ్లు కాచేస్తుంది, పంపు అవసరమూ రాదు. కానీ ఒక ఇల్లు గీజర్ వాడేది నాలుగు నెలలు. ఏడాదికి మిగిలేది మహా అయితే 400 యూనిట్లు. దాంతో పరికరం ఖరీదు ఎప్పటికి తీరాలి? అదే రోజుకు 1,000 లీటర్లు, ఏడాది పొడవునా కావలసిన హాస్టలో నర్సింగ్ హోమో అయితే గీజర్లు తాగేదే ఏడాదికి పదివేల యూనిట్ల పైన ఉంటుంది. వ్యాపారం అక్కడుంది.

పరికరం మనమే పెట్టి, లీటరు లెక్కన నెలనెలా వసూలు చేసే పద్ధతి ఒకటుంది. ముందు రూపాయి పెట్టక్కర్లేదు కనుక హాస్టల్ యజమాని వెంటనే ఒప్పుకుంటాడు. బిల్లు ఆపాడంటే మాత్రం మేడ మీంచి ట్యాంకు దింపుకోవడమే మనకు మిగిలేది. కుర్రాడికి అంత టెన్షన్ వద్దు. కర్ణాటకలో 1995లో మొదలైన సెల్కో అనే కంపెనీ సోలార్ దీపాలు అమ్మడానికి వేరే దారి పట్టింది: కొనేవాడికి బ్యాంకు అప్పు ఇప్పించడం, పిలిస్తే వచ్చే మెకానిక్‌ను దగ్గర్లో ఉంచడం. నా ఓటు దానికే. మా బంధువుల లాడ్జిలో నీళ్లు కాచే సోలార్ హీటర్ గాజు ట్యూబులు పగిలితే అమ్మినవాళ్లు మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఆ ట్యాంకులో ఇప్పుడు చన్నీళ్లే.

ఇంకొకటి, కేంద్రం పెట్టిన పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కరెంటు ప్యానెళ్లకే. నీళ్ల హీటర్‌కు ఆ ఆశ చూపి అమ్మొద్దనండి.

హీట్ పంపు లోపల ఉండేది ఏసీ సామానే: కంప్రెసర్, గ్యాస్. కాబట్టి డిప్లొమా అవగానే ఏడాదిపాటు ఏసీ రిపేరు షాపులో పని చేయనివ్వండి, నామోషీ అనుకోకండి. సాయంత్రాలు ప్లంబర్ వెంట తిరిగితే ఇంకా మంచిది.

ఈలోపు మూడు హాస్టళ్లకు వెళ్లి ఏడాది కరెంటు బిల్లులు, రోజుకు వాడే నీళ్లు, చెక్కు మీద సంతకం పెట్టేది ఎవరు, ఇవన్నీ రాసుకు రమ్మనండి. తెస్తే ఆ కాగితాలతో బ్యాంకుకు మీరూ తోడు వెళ్లండి. ఒక్కటీ తేలేకపోతే విశాఖకు టికెట్ తీయండి.