నీ స్కేట్లు నేను ముట్టను

అమ్మలూ,

సెలవులకు వచ్చినప్పుడు నీ ఐస్ స్కేట్ల బ్లేడ్లు పెదనాన్న చేత సాన పట్టించుకుంటానన్నావట, మీ నాన్న చెప్పాడు. వద్దు తల్లీ. నలభై ఏళ్లు ఆటోనగర్‌లో గ్రైండింగ్ వీల్ ముందు నిలబడ్డవాణ్ణే, అయినా వాటిని ముట్టను. వీధిలో సైకిల్ మీద వచ్చే సాన అతనికైతే అసలే ఇవ్వకు.

కత్తికి ఒకటే అంచు. నీ బ్లేడుకి రెండు. సుమారు 4 మిల్లీమీటర్ల మందంలో, పొడుగునా సన్నటి గాడి, దానికి అటొక అంచు, ఇటొక అంచు. గాడి వంపు వ్యాసార్థం అర అంగుళమైతే ఒక తీరు. 7/16 అంగుళమైతే ఇంకాస్త లోతు, మంచును గట్టిగా పట్టుకుంటుంది. ఆ వంపును ముందు డైమండ్‌తో సాన రాయికి చెక్కి, తర్వాత బ్లేడును దాని మీద పొడుగునా నడపాలి. మా షెడ్డులో ఆ అమరికే లేదు.

గురుగ్రామ్‌లోనే వెతుక్కో. రింకులో నీకన్నా సీనియర్లను, కోచ్‌నూ అడుగు. హాకీ బ్లేడ్లు పట్టే చెయ్యి మంచిదే కావచ్చు, కానీ నీది ఫిగర్ స్కేటింగ్ బ్లేడు, దానికి ముందు పళ్లుంటాయి. అలవాటు లేనివాడు కింది పన్నును కూడా అరగదీస్తాడు, నీ జంపులు తేడా కొడతాయి.

బ్లేడు అందుకోగానే మెషిన్ ఆన్ చేసేవాడైతే వెనక్కి తీసేసుకో. ఇప్పుడున్న గాడి ఎంత, పట్టించాక ఎన్ని గంటలు స్కేటింగ్ చేశావు అని అడిగేవాడు కావాలి. అతను ఒకేసారి గట్టిగా అదిమి పడుతున్నాడా, తేలిగ్గా నాలుగైదు సార్లు తీస్తున్నాడా, అదీ చూడు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నా. కొత్తలో ఒక ప్రెస్సాయన కాగితం కోసే బ్లేడు ఇచ్చాడు, జూన్, నోటుబుక్కుల సీజను. తొందరలో నొక్కి పట్టా, అంచు నీలం తిరిగింది. వేడికి ఉక్కు టెంపర్, అంటే దాని గట్టిదనం, పోయిందన్నమాట. మర్నాటికే మొద్దు. ఆయన ఒక్క మాట అనలేదు. అంచులు పీచుపీచుగా చిరిగిన కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

పని అయ్యాక బ్లేడు తిరగేసి, అంచుల మీద అడ్డంగా చిన్న స్టీలు ముక్క పెట్టు. పక్కన మూలమట్టం ఆనించు. ముక్క ఒకవైపు వాలిందంటే ఒక అంచు ఎత్తు, ఒకటి పల్లం. డబ్బులిచ్చే ముందే చూసుకో, తర్వాత మొహమాటపడతావు.

20, 30 గంటల స్కేటింగ్‌కి ఒకసారి పట్టిస్తే సాధారణంగా సరిపోతుంది. పోటీకి ముందు రోజు మాత్రం వద్దు, కొత్త పదును కాళ్లకు అలవాటు కావాలి. ఇక్కడికి తెస్తే ప్లాస్టిక్ గార్డులు తీసి గుడ్డ తొడుగులు వెయ్యి. బెజవాడ ఉక్కకు ఇట్టే తుప్పు పడుతుంది.

నా చిన్న మూలమట్టం మీ నాన్నకిచ్చి పంపుతున్నా. పిడి దగ్గర కాస్త సొట్ట ఉంది. కొలతకేం కాలేదు, నిన్ననే సరిచూశా.

పెదనాన్న