తెలియక కాదు, తెలిసే వేస్తారు: తమ ఆదాయానికి నష్టం చేసే పార్టీకి జనం ఓటెందుకు వేస్తారు?

"తమ రాబడికి గండి కొట్టే పార్టీనే జనం మళ్ళీ మళ్ళీ ఎందుకు గెలిపిస్తారు? వాళ్ళకు ఆ మాత్రం తెలియదా?" అన్నది ప్రశ్న.

చాలామందికి తెలుసు. డబ్బు విషయంలో ఈ పార్టీ తమకు చేసేదేమీ లేదని తెలుసు. కానీ అవతలి పార్టీ చేస్తుందని కూడా వాళ్ళు నమ్మరు. ఆ లెక్క రెండు వైపులా సున్నాయే అనుకున్నాక, తేడా కనిపించే మిగతా విషయాలను బట్టి ఓటు వేస్తారు. నాకు అర్థమైనంతవరకు అసలు సంగతి ఇదే.

నేను కొన్నేళ్ళు ఎన్నికల సర్వేల కోసం ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే పని చేశాను. మా ఫారంలో ముందు "మీకున్న పెద్ద సమస్య ఏది?" అని ఉండేది. ధరలు, ఉద్యోగాలు, అప్పులు అనే ఎక్కువమంది చెప్పేవారు. చాలా ప్రశ్నల తర్వాత "ఎవరికి ఓటేస్తారు?" అని వచ్చేది. మొదటి జవాబుకూ చివరి జవాబుకూ పొంతన ఉండేది కాదు. ఫారం మీద టిక్కు పెట్టి వెళ్ళిపోతే "ఈ మనిషికి తన మేలు తనకు తెలియదు" అనే అనిపిస్తుంది. నేను ఫారం మూసేసి, ఇంకాసేపు కూర్చుని మాట్లాడేవాణ్ణి. నాకు తెలిసింది అప్పుడే.

ఒక కాంట్రాక్టు కార్మికుడు నాకు బాగా గుర్తు. కార్మికులను తేలిగ్గా తీసేయడానికి వీలు కల్పించే మార్పులను సమర్థించిన పార్టీకి ఆయన ఓటు. చట్టంలో ఏం మారిందో నాకంటే బాగా చెప్పాడు. "మరి ఆ పార్టీకే ఎందుకండీ?" అంటే, "వాళ్ళు చట్టం చేసి తీసేశారు, ముందున్నవాళ్ళు చట్టం చేయకుండానే తీసేశారు. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు రక్తం కోసం తిరిగింది మాత్రం ఈ పార్టీ కుర్రాళ్ళే" అన్నాడు. ఇందులో అమాయకత్వం ఎక్కడుంది? నెరవేరతాయో లేదో తెలియని రెండు హామీలను పక్కనపెట్టి, కళ్ళారా చూసిన ఒక్క సాయాన్ని లెక్కలోకి తీసుకున్నాడు.

ఇలాంటిది పరిశోధనల్లోనూ కనిపిస్తుంది. పైకులాల పార్టీగా పేరున్న భారతీయ జనతా పార్టీకి దళితులు, ఆదివాసులు ఎలా దగ్గరయ్యారన్న దానిపై తారిక్ థాచిల్ అనే రాజకీయ శాస్త్రవేత్త విస్తృతంగా అధ్యయనం చేశారు. ఆయన చూపిన ముఖ్య కారణాల్లో ఒకటి అనుబంధ సంస్థలు ఊళ్ళలో నడిపే బడులు, వైద్య సేవలు. వాటిలో ఒకటైన వనవాసి కళ్యాణ్ ఆశ్రమం, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని జష్‌పూర్‌లో మొదలైంది 1952లో. ఓట్లు రావడానికి దశాబ్దాల ముందే ఆ సంస్థ మనుషులు అక్కడ ఉన్నారన్నమాట. ఎన్నికల ముందు పంచే హామీ ఆ పరిచయానికి సాటిరావడం కష్టం. ఇది ఒక్క పార్టీకో ఒక్క దేశానికో పరిమితం కాదు. కార్మిక సంఘాలు బలంగా ఉన్న రోజుల్లో చాలా దేశాల్లో వామపక్షాలు సంపాదించుకున్నదీ ఇలాంటి విశ్వాసమే. సంఘాలు బలహీనపడ్డాక ఆ పరిచయమూ పోయింది.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం ఈ ప్రశ్నకు తరచుగా ఉదాహరణగా వస్తుంటుంది. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను అక్కడ విస్తరించడంతో నాలుగు లక్షల మందికి పైగా కొత్తగా దాని కిందికి వచ్చారు. 2015 గవర్నర్ ఎన్నికల్లో, ఆ విస్తరణను రద్దు చేస్తానని ప్రచారం మొదలుపెట్టిన మ్యాట్ బెవిన్ దాదాపు 9 శాతం పాయింట్ల తేడాతో గెలిచారు. "చూశారా, తమ బీమాను తామే పోగొట్టుకున్నారు" అని చాలామంది రాశారు. కానీ ఆ ఎన్నికల్లో ఓటు వేసినవాళ్ళు నమోదైన ఓటర్లలో 30 శాతం చిల్లరే. బీమా అందుకున్నవాళ్ళలో చాలామంది అసలు పోలింగ్‌కే వెళ్ళి ఉండరు. వెళ్ళినవాళ్ళలో గణనీయమైన భాగం వాళ్ళకంటే ఒక మెట్టు పైన ఉన్నవాళ్ళు: ఉద్యోగం చేసుకుంటూ, బీమాకు సొంతంగా డబ్బు కట్టుకుంటూ, పక్కింటివాడికి ఉచితంగా వచ్చిందని మండిపడేవాళ్ళు. కాబట్టి "పేదలు తమకు వ్యతిరేకంగా ఓటేశారు" అనేముందు, ఓటేసింది ఆ పేదలేనా అని చూడాలి. ఒక ప్రాంతం మొత్తాన్ని ఒకే మనిషిగా చూడటం వల్ల వచ్చే పొరపాటు ఇది.

ఆ ఒక మెట్టు పైన ఉన్నవాళ్ళ కోపం గురించి ఇంకొంచెం చెప్పాలి. సర్వేల్లో నాకు ఎక్కువగా తగిలింది అదే, నన్ను ఎక్కువగా బాధపెట్టిందీ అదే. ఏ పథకానికైనా ఒక గీత ఉంటుంది, ఇంత ఆదాయం దాటితే రాదని. గీతకు బాగా పైన ఉన్నవాళ్ళకు అది పట్టదు. కింద ఉన్నవాళ్ళకు అందుతుంది. గీతకు కాస్త పైన ఉన్నవాళ్ళు మాత్రం రగిలిపోతుంటారు. నెలాఖరుకు వాళ్ళ చేతిలోనూ ఏమీ మిగలదు, సాయం మాత్రం పక్కింటికి వెళ్తుంది. "నేను ఒళ్ళు వంచి పని చేసినందుకు ఇదా శిక్ష?" అని ఒకావిడ నన్నే నిలదీసింది, ఆ పథకం నేనే పెట్టినట్టు. సంక్షేమాన్ని కోసేస్తామనే పార్టీకి ఆవిడ ఓటు. రేపు ఉద్యోగం పోతే ఆవిడకే ఆ సాయం కావాలి, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆర్థికవేత్త ఇల్యానా కుజియెంకో, సహ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఇదే మనస్తత్వాన్ని అమెరికాలో పట్టుకుంది. కనీస వేతనం పెంచడాన్ని ఎక్కువగా వ్యతిరేకించేది ఆ వేతనం కంటే కొంచెం ఎక్కువ సంపాదించేవాళ్ళట. కింద ఉన్నవాడు తమ స్థాయికి వచ్చేస్తే అందరికంటే అడుగున మిగిలేది తామేనన్న భయం.

అలాగే, అందే సాయం ప్రభుత్వానిదని తెలియకపోవడం కూడా ఉంది. సుజాన్ మెట్లర్ అనే రాజకీయ శాస్త్రవేత్త వాడుకున్న 2008 నాటి అమెరికా సర్వేలో, ఇంటి రుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు పొందినవాళ్ళలో దాదాపు 60 శాతం మంది "నేను ఏ ప్రభుత్వ పథకాన్నీ వాడుకోలేదు" అన్నారు. వృద్ధాప్య పింఛను తీసుకుంటున్నవాళ్ళలోనూ నూటికి 44 మంది అదే మాట. మధ్యతరగతికి అందే సాయం ఎక్కువగా పన్ను లెక్కల్లో కలిసిపోతుంది, పేదలకు అందేది మాత్రం వరసలో నిలబడితే అందరి కంటా పడుతుంది. దాంతో "నేనెవరి సొమ్మూ తినడం లేదు, తినేది వాళ్ళే" అన్న భావం బలపడుతుంది. ఇది ఓటరు తెలివితక్కువతనం కాదు. సాయాన్ని ఆ రూపంలో ఇచ్చింది ప్రభుత్వాలే.

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016లో బ్రిటన్‌లో జరిగింది ప్రజాభిప్రాయ సేకరణే గానీ, పార్టీ ఎన్నిక కాదు. అయినా ఇక్కడ చెప్పుకోదగ్గది. వేల్స్‌లో ఎబ్బూ వేల్ పట్టణం ఉన్న బ్లైనా గ్వెంట్ ప్రాంతానికి యూరోపియన్ యూనియన్ నుంచి పెద్దఎత్తున నిధులు వచ్చాయి. అయినా అక్కడ 62 శాతం మంది యూనియన్ నుంచి బయటకు రావాలనే ఓటేశారు. నిధుల లెక్క మాత్రమే చూస్తే అర్థం కాదు. అక్కడి ఉక్కు కర్మాగారం 2002లో మూతపడింది. కొత్త భవనాలు, రోడ్లు వచ్చాయి గానీ, ఆ కర్మాగారం ఇచ్చినలాంటి జీతాలు, దానితో వచ్చిన గౌరవం తిరిగి రాలేదు. "మీకు ఇంత ఇచ్చాం కదా" అని బయటివాళ్ళు అన్న ప్రతిసారీ అక్కడివాళ్ళకు కోపం రావడంలో వింతేముంది?

గౌరవం అన్నాను కాబట్టి ఇంకొకటి. అమెరికా దక్షిణాదిలో పేద తెల్లవాళ్ళు, నల్లజాతి కార్మికులతో కలవకుండా తమను దోచుకున్న భూస్వాముల పక్షానే ఎందుకు నిలిచారన్న దానికి నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డు బోయిస్ 1935లో ఒక వివరణ ఇచ్చారు. చేతికి వచ్చే కూలి తక్కువైనా, తెల్లవాడిగా సమాజంలో దక్కే మర్యాద వాళ్ళకు మరో రకం కూలిలా ఉండేదన్నారు. ఇది చదివితే మనసుకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ మర్యాద ఇంకొకరిని తొక్కి తెచ్చుకున్నది. దాన్ని నేను సమర్థించను. కానీ మర్యాదను నష్టపరిహారంగా తీసుకునే మనుషులు ఉన్నారని ఒప్పుకోకపోతే ఏ దేశ రాజకీయాలూ అర్థం కావు.

ఇక, ఈ ప్రశ్నను మనం పేదల గురించి మాత్రమే అడుగుతాం. తన మీద పన్ను పెంచుతామనే పార్టీకి ధనవంతుడు ఓటేస్తే "విలువల కోసం వేశాడు" అంటాం. దేవుడి కోసమో, భాష కోసమో, దేశ భద్రత కోసమో పేదవాడు వేస్తే "మోసపోయాడు" అంటాం. విలువల కోసం నష్టపోయే హక్కు ఇద్దరికీ ఒకటే కదా. నిజంగా మోసపోయేవాళ్ళు లేరని కాదు. ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం అతి తక్కువ కాబట్టి, విధానాలన్నీ చదివి తెలుసుకోవడానికి మనిషి సమయం పెట్టడని ఆర్థికవేత్త ఆంథోనీ డౌన్స్ 1957లోనే రాశారు. రోజంతా పనిచేసి వచ్చినవాడు బడ్జెట్ పత్రాలు చదవడు. ఆ ఖాళీలోకి అబద్ధాలు దూరతాయి, వాటిని కావాలని దూర్చేవాళ్ళూ ఉంటారు. అందుకు నిందించాల్సింది మాత్రం అబద్ధం చెప్పినవాణ్ణి.

మీ ఇంట్లోనో పని చేసేచోటో ఇలా ఓటేసేవాళ్ళుంటే, "నీకు నష్టం కదా" అని మొదలుపెట్టకండి. ఆ మాటతోనే సంభాషణ ఆగిపోతుంది, నేను చాలా ఇళ్ళలో చూశాను. "అవతలివాళ్ళు గెలిస్తే నీ ఇంట్లో ఏం మారుతుందనుకుంటున్నావు?" అని అడగండి. ఎక్కువమంది "ఏం మారదు" అనే చెప్తారు. అప్పుడు, ఏం చూస్తే మారుతుందని నమ్ముతారో కూడా అడగండి. నాకు ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు చాలావరకు చిన్నవి, స్పష్టమైనవి: ఆగిపోయిన పింఛను మళ్ళీ రావడం, కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు కావడం, ఆఫీసుకు వెళ్తే కూర్చోమనడం. ఆ పనులు చేసి చూపించని పార్టీ, ఓటరుకు తన మేలు తెలియడం లేదని ఫిర్యాదు చేయకూడదు.