జ్ఞానదంతం నొప్పి: ముందు ఆ మూల శుభ్రం చెయ్యి

చి. చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

కుడి కింది దవడ చివర సలుపుతోందనీ, మింగితే చెవిలోకి లాగుతోందనీ రాశావు. నీ వయసుకి అది జ్ఞానదంతమే అయ్యుంటుంది. మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది. దవడ చివరి నొప్పి చెవికీ కణతకీ పాకడం ఉన్నదే. చెవిలో నూనె మాత్రం పోసుకోకు.

ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో చూడు. చిట్టచివర సగం పన్ను, దాని మీద టోపీలా కప్పుకున్న చిగురు కనిపిస్తాయి. పన్ను పొడుచుకొచ్చే సలపరం కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఆ టోపీ కింద ఇరుక్కున్న మెతుకు. అది అక్కడే కుళ్లి చిగురు వాస్తుంది, వాచిన చిగురుని పై పన్ను కరుస్తుంది, దాంతో ఇంకా వాస్తుంది. నొప్పని అందరూ ఆ వైపు బ్రష్ మానేస్తారు. నువ్వూ మానేసే ఉంటావు. ముందు అది మార్చు.

చిన్నపిల్లల మెత్తటి బ్రష్ ఒకటి కొనుక్కో, తల చిన్నది కాబట్టి ఆ మూలకి అందుతుంది. నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని బ్రష్ వెళ్లదు. సగం మూసి, వెనకనుంచి ముందుకి మెల్లగా లాగు. ఒకటి రెండు రోజులు కాస్త రక్తం వస్తుంది, భయపడకు. తర్వాత గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు కరిగించి, తల కుడివైపు వంచి అర నిమిషం ఆ మూలనే నిలిపి పుక్కిలించు. గొంతులో గరగరలాడిస్తే పంటికేమీ ఒరగదు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ, రోజుకి నాలుగైదుసార్లు. మెతుకు ఎంతకీ రాకపోతే మెడికల్ షాపులో 10 మి.లీ. సిరంజి కొని, సూది తీసి పారేసి, అదే ఉప్పునీళ్లు టోపీ అంచు కిందకి నెమ్మదిగా కొట్టు. దీనికి మించిన ఇంటి వైద్యం లేదు. పిన్నీసు, అగ్గిపుల్ల మాత్రం పెట్టి కెలకకు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడితే 10 మి.లీ. చొప్పున రెండు పూటలా, బ్రష్ చేసిన అరగంటకి, వారం వరకే. ఎక్కువ రోజులు వాడితే పళ్లకి గోధుమరంగు పడుతుంది.

లవంగ నూనె గురించి అడిగావు. అది పుచ్చు పన్ను పోటుకి పనికొచ్చినంతగా వాచిన చిగురుకి పనికిరాదు. వాడాలనిపిస్తే ఒక చుక్కని నాలుగైదు చుక్కల కొబ్బరి నూనెలో కలిపి దూదిపుల్లతో తాకించు, అంతే. నేరుగా రాస్తే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ బిళ్లని చిగురు పక్కన నొక్కిపెట్టుకోవడం ఇంకా ప్రమాదం, తెల్లగా పుండు పడుతుంది. బుగ్గకి వేడి కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు, 15 నిమిషాలు పెట్టి అంతే సేపు విరామమివ్వు. రాత్రి తలకింద రెండు దిండ్లుంటే పోటు తగ్గుతుంది.

మాత్రలకి లెక్క ఉంది. పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు దాటకు. లేదా ఐబుప్రొఫెన్ 400, కడుపు నిండా తిన్నాక, ఎనిమిది గంటలకొకటి. కాంబిఫ్లామ్‌లో రెండూ ఉంటాయి, జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. అవి వేసుకుంటే ఆ లెక్క ఇందులో కలుపుకో. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ, డెంగీ అనుమానమున్న జ్వరంలోనూ ఐబుప్రొఫెన్ కూడదు. షాపువాడు అడగ్గానే అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ చేతిలో పెడతాడు, తీసుకోకు. టోపీ కింద మురికి అలాగే ఉంటే మందు ఆపాక నొప్పి మళ్లీ తిరగబెడుతుంది.

నోట్లో నిలువుగా రెండు వేళ్లు పట్టనంతగా దవడ బిగిసినా, 101 జ్వరం వచ్చినా, చీము కారినా ఆ రోజే డెంటిస్టు దగ్గరికి వెళ్లాలి. వాపు దవడ కిందికో మెడకో దిగి, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, ఊపిరి ఇబ్బందైనా అది క్లినిక్ పని కాదు. అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు.

అవేమీ లేకపోయినా, మూడు రోజుల్లో తగ్గకపోతే ఎవరికైనా చూపించు. ఖర్చు చూసుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, పొద్దున్నే ఓపీకి వెళ్లు. ఓపీజీ అనే ఎక్స్‌రే తీస్తారు. రెండు సంగతులడుగు: పన్ను నిటారుగా వస్తోందా, దాని ముందున్న పన్నుకి ఆనుకుని పడుకుందా? వేరు, కింది పెదవికి స్పర్శనిచ్చే నరానికి ఎంత దగ్గర? నిటారుగా ఉండి, చోటుంటే ఉంచుకోవచ్చు. వంకరగా ఉండి ఈ వాపు రెండోసారి వస్తే తీయించడమే మేలు, లేకపోతే దాని సందున చేరిన మురికికి మంచి పన్ను కూడా పుచ్చిపోతుంది. వాపు బాగా ఉన్న రోజున మామూలుగా తీయరు, మత్తు సరిగా పట్టదు.

తీయించుకుంటే దూది అరగంట పైన గట్టిగా కరిచి పట్టు. ఆ 24 గంటలూ ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం కూడదు. గుంటలోని రక్తపుగడ్డ ఊడితే ఎముక బయటపడి మూడోరోజుకి అసలు నొప్పిని మించిన పోటు వస్తుంది. చల్లారిన పెరుగన్నం మెత్తగా పిసికి తిను. ఆవకాయ, చెక్కలు, నువ్వులు వారం దాకా ముట్టుకోకు. వాపు రెండో మూడో రోజుకి బాగా పెరిగి అప్పుడు తీస్తుంది. అందుకని పరీక్షలకి ముందు వారం తీయించుకోకు. ఈలోగా ఉప్పునీళ్లతో నెట్టుకొచ్చి, చివరి పేపరు మర్నాటికి ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకో.

మీ పెద్దమ్మ