చెత్త తీసేవాళ్లని మాన్పించాలా?

ప్రశ్న: మేడమ్, మా అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లుగా భార్యాభర్తలిద్దరు చెత్త తీస్తున్నారు. ఈమధ్య ఒక ప్రైవేటు ఏజెన్సీ వాళ్లొచ్చి మా దగ్గర ఎలక్ట్రిక్ ఆటో ఉంది, యాప్ ఉంది, పర్యావరణానికి మంచిది, చెత్తంతా మాకే ఇవ్వండి అంటున్నారు. అసోసియేషన్‌లో అందరూ సరేనంటున్నారు, నాకే మనసొప్పట్లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎలక్ట్రిక్ ఆటో మంచిదేనమ్మా, కాదనట్లేదు, కానీ "చెత్తంతా మాకే" అన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది. మీరిచ్చే నెల డబ్బులు ఒకెత్తు, అట్టపెట్టెలు, పాల కవర్లు, సీసాలు ఏరి పాత సామాన్ల షాపులో కాటా వేయిస్తే వచ్చేది ఇంకో ఎత్తు. అది పోతే వాళ్లకి ఇల్లు గడవడం కష్టం.

పుణెలో చెత్త ఏరేవాళ్లు 1993లోనే యూనియన్ పెట్టుకున్నారు, 2008లో అందులోంచి స్వచ్ఛ్ అనే సహకార సంఘం వచ్చింది, దానికి ఓనర్లు వాళ్లే, ఎక్కువమంది ఆడవాళ్లే. కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్తారు, ఫీజు ఇళ్లవాళ్ల దగ్గరే తీసుకుంటారు, పొడి చెత్త అమ్ముకునేదీ వాళ్లే. అమ్మితే డబ్బులొస్తాయి కాబట్టి దేన్నీ వదలకుండా వేరుచేస్తారు, డంప్ యార్డుకి పోయేది ఆ మేరకు తగ్గుతుంది. మన హైదరాబాద్‌లో జవహర్‌నగర్ చెత్త గుట్ట సంగతి మీకు నేను చెప్పాలా!

పుణెలో వాళ్లు ఇంకో పని చేయించారు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి పైన ఎర్ర చుక్క పెట్టమన్నారు, చేత్తో విప్పి చూసే ఖర్మ తప్పుతుందని. పైసా ఖర్చు లేదు, మీ ఫ్లాట్లలో రేపే మొదలుపెట్టొచ్చు. గాజు పెంకులు కూడా కవర్లో పడేయకుండా విడిగా ఇవ్వండి, చేతులు తెగేది వాళ్లకే కదా.

అసలు ఆ ఇద్దర్నీ ఎవరైనా ఒక మాట అడిగారా? మీటింగ్‌కి పిలవండి. ఏజెన్సీయే కావాలని అందరూ పట్టుబడితే ఆ పని ఈ భార్యాభర్తలకే ఇవ్వాలని, పొడి చెత్త అమ్మిన డబ్బు వాళ్లదేనని, గ్లౌజులు, బూట్లు, వారానికో సెలవు, ఈఎస్ఐ అన్నీ అగ్రిమెంట్‌లో రాయించండి, నోటిమాటలు నమ్మొద్దు. ఎవరైనా ఇదంతా మనకెందుకు అంటే, చెత్త ఏరేవాళ్లని కలుపుకుపోవాలని కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల రూల్స్‌లోనే రాశారని చెప్పండి. అలాగే తడి చెత్త ఎక్కడ కంపోస్ట్ చేస్తున్నారో తీసుకెళ్లి చూపించమనండి. నీళ్లు నమిలారంటే బ్యాటరీ ఆటో అయినా డీజిల్ ఆటో అయినా చెత్త చేరేది ఆ గుట్టకే, దానికోసం ఇద్దరి పొట్ట కొట్టక్కర్లేదు.