వారం డ్యూటీ, వారం సెలవు: ఆ పైలట్ ఉద్యోగం కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: నేను గుంతకల్లులో గూడ్స్ లోకో పైలట్‌ని. మా వాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. విమానాన్ని వాటాలుగా అమ్మే కంపెనీలో పైలట్ అవుతానని పట్టుబట్టాడు. అక్కడ ఏడు రోజులు డ్యూటీ చేస్తే ఏడు రోజులు ఇంటి దగ్గరే ఉండొచ్చంట. ఇది నిజమేనా? ఉరవకొండ దగ్గర మాకు నాలుగెకరాలు ఉంది. అది అమ్మి చదివించమంటారా? డిగ్రీ మానేసి దీంట్లోకే దిగుతానంటున్నాడు, సరేననమంటారా?

జవాబు: ముందు పొలం సంగతి చెప్తాను. ఇప్పుడే అమ్మకండి. మీ వాడు చెప్పిన ఉద్యోగం నిజంగానే ఉంది, మంచి ఉద్యోగం కూడా. కాకపోతే వాడు విన్న పద్ధతిలో అది నడుస్తున్నది ముఖ్యంగా అమెరికాలో. ఇక్కడ లైసెన్స్ తీసుకున్న కుర్రాడికి నేరుగా అందే ఉద్యోగం కాదు.

ఆ కంపెనీలు ఎలా నడుస్తాయో చెప్తాను. సొంతంగా ఒక జెట్ కొనేంత అవసరం లేని డబ్బున్నవాళ్లు అందులో పదహారో వంతో, ఎనిమిదో వంతో కొంటారు. పదహారో వంతుకు ఏడాదికి సుమారు 50 గంటల ప్రయాణం వస్తుంది. నెలవారీ నిర్వహణ ఖర్చు వేరు, ఎగిరిన గంటకు ఇంతని కట్టేది వేరు. తన వాటా ఉన్న విమానం ఆ రోజు వేరే ఊళ్లో ఉంటే కంపెనీ అదే రకం ఇంకో విమానం పంపిస్తుంది. పైలట్లను పెట్టుకోవడం, రిపేర్లు చూసుకోవడం అంతా కంపెనీ పనే. ఈ పద్ధతిని 1986లో నెట్‌జెట్స్ అనే అమెరికా కంపెనీ మొదలుపెట్టింది. దాన్ని నడిపిన రిచర్డ్ శాంటుల్లి గణితం చదివిన మనిషి. ఒకే రోజు ఎంతమంది విమానం అడగొచ్చు, దానికి ఎన్ని విమానాలు సిద్ధంగా ఉంచాలి అనే లెక్క తేల్చుకున్నాకే దిగాడు. ఎంపీసీ కుర్రాడు కదా, మీ వాడికి ఈ సంగతి చెప్పండి. 1998లో వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాత్వే దాన్ని కొనేసింది. ఫ్లెక్స్‌జెట్, ప్లేన్‌సెన్స్ లాంటి కంపెనీలు కూడా ఈ వ్యాపారంలోనే ఉన్నాయి.

ఏడు రోజుల డ్యూటీ, ఏడు రోజుల సెలవు మాట నిజమే. కానీ ఆ ఏడు రోజులు ఎలా గడుస్తాయో మీకు అర్థమైనంతగా మీ వాడికి అర్థం కాదు. పొద్దున హోటల్లో లేచినప్పుడు రాత్రికి ఏ ఊళ్లో పడుకుంటారో తెలియదు. ప్రోగ్రాం మధ్యాహ్నానికే మారిపోవచ్చు. కాల్ ఎప్పుడొస్తుందో, రెస్ట్ ఏ ఊరి రన్నింగ్ రూమ్‌లోనో (రైలు సిబ్బంది విశ్రాంతి గదిలోనో) తెలియని బతుకు మీది కూడా కదా, వాడిని కూర్చోబెట్టి మీరే చెప్పండి. అక్కడ ఇద్దరు పైలట్లుంటే మామూలుగా 14 గంటల దాకా డ్యూటీ వేయొచ్చు, మధ్యలో కనీసం 10 గంటల రెస్ట్ ఇవ్వాలి. ఇంకో తేడా ఉంది. కొత్త సెక్షన్ అయితే మీకు ముందు రోడ్ లెర్నింగ్ ఇస్తారు, అంటే ఆ దారి అలవాటయ్యేలా తిప్పుతారు. వీళ్లు ఎప్పుడూ చూడని చిన్న ఎయిర్‌పోర్టుకు కూడా చార్టులు చదువుకుని వెళ్లి దిగాల్సి వస్తుంది.

విమానం నడపడంతో పని అయిపోదు. కెప్టెన్ వాతావరణం, ఇంధనం చూసుకుంటుంటే కో-పైలట్ సామాన్ల అర తెరిచి ఓనరు గారి సూట్‌కేసులు, గోల్ఫ్ బ్యాగులు తానే సర్దుతాడు. ఐస్ ఉందా, కాఫీ వేడిగా ఉందా అని చూస్తాడు. కారు నేరుగా విమానం దగ్గరికి వస్తుంది, నవ్వుతూ ఎదురెళ్లాలి. వాళ్లు దిగిపోయాక చిప్స్ ముక్కలు ఏరి, సీట్లు తుడిచి, బెల్టులు మళ్లీ అడ్డంగా పేర్చి పెట్టాలి. చిన్న జెట్లలో చాలావాటిలో ఎయిర్ హోస్టెస్ ఉండదు. ఇది నామోషీ అనుకునేవాడు అక్కడ ఇమడలేడు. మనుషులతో ఓర్పుగా మాట్లాడటం మీ వాడికి వచ్చా? దీనికి జవాబు నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక అసలు అడ్డంకి. అమెరికాలో ఆ ఉద్యోగానికి అక్కడ పనిచేసే హక్కు, అక్కడి లైసెన్సులు, చాలా గంటల అనుభవం ఉండాలి. ఇక్కడ లైసెన్స్ కోసం 200 గంటలు ఎగిరిన కుర్రాడిని వాళ్లు వీసా ఇప్పించి తీసుకుపోతారనే ఆశ పెట్టుకోవద్దు. ఎవరైనా ఏజెంటు అలా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఉద్యోగం దొరికినవాళ్లకు కూడా పూర్తి భద్రత ఉండదు. మాంద్యం దెబ్బకు 2010లో నెట్‌జెట్స్ దాదాపు 500 మంది పైలట్లను ఇంటికి పంపింది.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉండేది చార్టర్ కంపెనీల పని, అంటే విమానాన్ని మొత్తంగా అద్దెకిచ్చేవాళ్ల దగ్గర పని. ఆ కంపెనీలు నాన్-షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (టైంటేబుల్ లేకుండా విమానాలు నడిపే అనుమతి) మీద నడుస్తాయి. పుట్టపర్తి ఎయిర్‌పోర్టులో దిగేవి ఎక్కువగా అలాంటి విమానాలే. పని తీరు నేను పైన చెప్పినట్టే ఉంటుంది, ఏడు రోజుల సెలవు మాత్రం గ్యారంటీ కాదు. ఇన్సూరెన్సు వాళ్లు గంటల అనుభవం చూస్తారు కాబట్టి కొత్తవాళ్లకు అక్కడ సీటు సులభంగా దొరకదు. ఎక్కువమంది ముందు ఎయిర్‌లైన్స్‌లో చేరాలనే చూస్తారు.

ఇవన్నీ విన్నాక కూడా వాడు విమానమే నడపాలంటే, మొదట చేయాల్సింది మెడికల్. రైల్వేలో లోకో పైలట్లకు చేసే ఏ-వన్ మెడికల్ ఎంత టెన్షన్ పెడుతుందో మీకు తెలుసు. ఇక్కడ కూడా చూపు, రంగులు గుర్తుపట్టడం, చెవులు, గుండె అన్నీ చూస్తారు. డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర ముందు క్లాస్ 2 మెడికల్, తర్వాత కమర్షియల్ పైలట్‌కు కావాల్సిన క్లాస్ 1 మెడికల్ చేయించాలి. క్లాస్ 1కు బెంగళూరులోని వైమానిక దళం ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ మీకు దగ్గర. అద్దాలున్నంత మాత్రాన భయం లేదు, రంగుల పరీక్షలో పోతే మాత్రం కష్టం. పొలం కాగితాలు బయటికి తీసేది క్లాస్ 1 చేతికొచ్చాకే.

రెండోది డీజీసీఏ పరీక్షలు. నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ (నిబంధనలు), టెక్నికల్. ఒక్కో పేపర్లో 70 శాతం రావాలి, అన్నీ ఇంగ్లీషులోనే. ఇవి ఫ్లయింగ్ మొదలుపెట్టకముందే రాయొచ్చు, ఖర్చూ తక్కువ. వీటిలో నిలబడితే వాడి పట్టుదల ఏపాటిదో మీకు తెలిసిపోతుంది.

పెద్ద డబ్బు ఆ తర్వాతే. 200 గంటల ఫ్లయింగ్‌తో కమర్షియల్ లైసెన్స్ అయ్యేసరికి అర కోటి దాకా, చాలాచోట్ల అంతకుమించే అవుతుంది. జెట్ నడపాలంటే ఆ రకం విమానానికే ప్రత్యేకంగా శిక్షణ తీసుకుని అర్హత పొందాలి (టైప్ రేటింగ్ అంటారు), దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. బ్యాంకు లోను ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి హామీ అడుగుతారు, కాబట్టి అమ్మే బదులు తాకట్టు గురించి ముందు బ్యాంకులో అడగండి. లోను కట్టుకోగలరా అన్నది, లైసెన్స్ వచ్చాక ఒకట్రెండేళ్లు ఉద్యోగం లేకుండా ఖాళీగా ఉంటాడనుకునే లెక్క వేయండి. అలా ఎదురుచూసేవాళ్లు చాలామందే ఉన్నారు.

స్కూలు విషయంలో ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష తప్పకుండా రాయించండి, అది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉంది. ప్రైవేటు అకాడమీ అయితే ఆఫీసు గది చూసి రావద్దు, విమానాలు నిలిపే హ్యాంగర్ దాకా వెళ్లండి. ఎగిరే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లున్నారు, పోయిన బ్యాచ్‌కు 200 గంటలు ఎన్నాళ్లకు పూర్తయ్యాయి అని అక్కడి పిల్లలనే అడగండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే ఒప్పుకోవద్దు.

డిగ్రీ మాత్రం మాన్పించకండి. లైసెన్స్‌కు ఇంటర్ చాలు, నిజమే. కానీ ఏ వయసులోనైనా మెడికల్ పోతే ఆ రోజే ఉద్యోగం ఆగిపోతుంది. దూరవిద్యలోనైనా బీఎస్సీయో, బీకామో పూర్తి చేయించండి. క్లాస్ 1 రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, మీ జీతం, లోను లెక్కలు కలిపి చూద్దాం.