హైదరాబాద్‌ను నదీతీర నగరం అనవచ్చా?

ఉద్యోగానికి హైదరాబాద్ వస్తున్నానని, ఇది నది ఒడ్డున ఉన్న రాజధాని అంటారు గానీ ఆ నది ఎక్కడుందని మీరు అడిగారు. మలక్‌పేటలో పదిహేనేళ్లుగా ఉంటూ రోజూ చాదర్‌ఘాట్ వంతెన దాటే మనిషిగా చెబుతున్నాను: ఇది నిస్సందేహంగా మూసీ నగరమే, కాకపోతే నదికి వీపు పెట్టి కూర్చుంది.

అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నదిపై పురానాపూల్‌ను 1578లో కట్టారు; 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్షిణపు ఒడ్డున నగరానికి పునాది వేసేనాటికే ఆ వంతెనకు పదమూడేళ్లు. అంటే ఊరికంటే వంతెన ముందు.

నేటి నగర స్వరూపాన్ని నిర్ణయించింది మాత్రం 1908 సెప్టెంబరు 28 నాటి వరద. వేలమందిని బలిగొన్న ఆ రోజున అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు నేటికీ ఉంది. మా బంధువును చేర్పించిన రోజున, మందుల చీటీ చేత్తో పట్టుకుని దాని కిందే చాలాసేపు నిలబడ్డాను. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే) 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. నయాపూల్ మీద నిలబడి రెండు వైపులా చూస్తే ఆ గుమ్మటాలు కనిపిస్తాయి. నా దృష్టిలో నగరంలో ఇంతకంటే అందమైన దృశ్యం లేదు, ముక్కు మూసుకోగలిగితే.

ఆ వాసనకు కారణం తేలికే. ఎగువ నీరు జలాశయాల్లో ఆగిపోతుంది, నగరం మధ్య పారేది ఎక్కువగా మురుగే. ఆ నీటితోనే దిగువన గేదెలకు పచ్చగడ్డి పెంచుతారు.

అయితే పెద్ద వానలకు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మళ్లీ నది అవుతుంది. 2020 అక్టోబరులో మూసారాంబాగ్ వంతెన మీదుగా నీరు పోవడం కళ్లారా చూశాను. కాబట్టి అద్దె ఇల్లు నదికి దగ్గరలో చూస్తున్నట్లయితే, ఆ అక్టోబరులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో తప్పక అడగండి. ఇంటి యజమానిని కాదు, ఎదురింటివారిని.