తొట్టికి జెట్లు ‘ముద్రించడం’ సరైన ప్రయోగమేనా?

సందేహం: సుడినీళ్ల స్నానపు తొట్టిని (జెట్లనే మూతులు నీళ్లు చిమ్మే ‘జకూజీ’ తరహా తొట్టిని) ఇంట్లో బిగించే పద్ధతిని ప్లంబర్ల కోసం తెలుగులో రాసిమ్మని ఒక శానిటరీ సామాన్ల దుకాణం వారు అడిగారు. ‘జెట్లను తొట్టికి స్థిరీకరించి ముద్రించవలెను. సీలింగ్ ఆరిన తరువాత పరీక్షించవలెను. పైపులకు తగిన వంపు ఇవ్వవలెను. నీరు లీకైన యెడల మరింత టైట్ చేయవలెను’ అని రాశాను. చదివిన మేస్త్రీగారు ‘ఇందులో ఏం చెయ్యమంటున్నారమ్మా?’ అని అడిగారు. ‘సీల్’కు సరైన తెలుగు మాట ఏది? జెట్‌కు ‘జలోత్క్షేపిణి’ అనవచ్చా? ‘జెట్‌లు’, ‘జెట్లు’ – ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

సమాధానం: మేస్త్రీగారు అడిగింది న్యాయమైన ప్రశ్న. మీ వాక్యాల్లో నామవాచకాలతో ఇబ్బంది లేదు. జెట్, పైపు, వాషర్, సిలికాన్ (సందులు మూసే ట్యూబు జిగురు) – ఇవన్నీ పనివాళ్ల నోట రోజూ నలిగే మాటలే. చిక్కంతా క్రియల్లో ఉంది. చేతిపని చెప్పే వాక్యంలో చెయ్యి ఏం చేయాలో క్రియే చెప్పాలి. అది గురి తప్పితే ఇక్కడ తొట్టి కింద నీళ్లు కారతాయి.

ముందు ‘సీల్’ సంగతి. ఇంగ్లీషులో ఇది మొదట లక్క మీద వేసే ముద్ర. ముద్ర పడిన కవరును విప్పకూడదు కాబట్టి ‘మూయడం’ అన్న అర్థం కూడా ఆ మాటకే వచ్చి చేరింది. నేటి తెలుగు వాడుకలో ఆ రెండూ కలిసి లేవు. మన ‘ముద్ర’ ముద్రగానే ఉంది, ‘ముద్రించు’ అచ్చు వేయడమైంది. జెట్లను ముద్రించమంటే తొట్టి మీద జెట్టు బొమ్మ అచ్చు వేయమన్నట్టుంటుంది. పోనీ సీల్‌ను సీల్‌గానే ఉంచుదామా అంటే, ఆఫీసులో ‘సీలు వేశారు’ అంటే రబ్బరు స్టాంపు, అధికారులు ‘దుకాణం సీలు చేశారు’ అంటే తాళం. ‘సీలింగ్’ మరీ కష్టం. పని జరుగుతున్న ఇంట్లో ‘సీలింగ్ అయిందా?’ అని అడిగితే పైకప్పు కింద చేసే ఫాల్స్ సీలింగ్ గురించే అనుకుంటారు. వయసు మళ్లినవారికి భూముల సీలింగ్ చట్టం గుర్తొస్తుంది. ఇంగ్లీషులో వేర్వేరు స్పెల్లింగులతో విడిగా ఉండే మాటలు మన లిపిలోకి వచ్చేసరికి ఒక్కటైపోతాయి.

అసలు విషయం ఏమిటంటే, ఇంగ్లీషు ఒక్క మాటలో చుట్టేసిన ఈ పనిలో మూడు పనులున్నాయి. తెలుగు వాటిని విడదీసి చెబుతుంది: ఆనించు, పూయు, బిగించు.

‘ఆనించు’ అంటే సందు లేకుండా తాకించడం. అక్రిలిక్ తొట్టికి లోపలి వైపు నున్నగా ఉంటుంది. వెనక వైపు ఫైబర్‌గ్లాస్ పూత గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. రబ్బరు వాషర్ కూర్చునేది చాలా తొట్లలో ఆ గరుకు వైపే. రంధ్రం చుట్టూ, వాషర్ వెడల్పుకన్నా ఓ సెంటీమీటరు ఎక్కువ మేర గరుకు కాగితంతో చదును చేసి, దుమ్ము తుడిచాకే వాషర్ పెట్టాలి. చదును కాని చోట వాషర్ ‘పెట్టినట్టు’ ఉంటుంది గాని ‘ఆనదు’. ఎంత బిగించినా నీళ్లు ఆ పల్లం వెంటే దారి చేసుకుంటాయి. అందుకే ఇక్కడ ‘వాషర్ పెట్టాలి’ అన్నది చాలదు, ‘వాషర్ అంతటా ఆనాలి’ అని రాయండి.

‘పూయు’కు దగ్గరగా ‘మెత్తు’, ‘కూరు’ ఉన్నాయి. వీటి మధ్య తేడా పనిలో కనిపిస్తుంది. గోడకు మట్టి మెత్తుతాం, వంకాయలో కారం కూరుతాం. మన తీరంలో మాసుల పడవల పలకలను తాడుతో కుట్టి, కుట్టు వెంట సందులో కొబ్బరి పీచు కూరేవారు. జెట్టుకు సిలికాన్ మెత్తకూడదు, కూరకూడదు. లోపలి వైపు కనిపించే అంచు కింద, రంధ్రం చుట్టూ, నాలుగైదు మిల్లీమీటర్ల మందాన జంతిక చుట్టులా ఒకే వరసలో తిప్పి, మొదలూ చివరా ఒకదానిమీద ఒకటి పడేలా కలపాలి. మధ్యలో తెగితే ఆ తెగిన చోటే నీరు వస్తుంది. వెనక ఉన్న రబ్బరు వాషర్‌కు మాత్రం, తయారీదారు ప్రత్యేకంగా చెబితే తప్ప, సిలికాన్ పూయకూడదు. పూస్తే నట్టు తిరిగేటప్పుడు వాషర్ జారి ఒక పక్కకు ఉబికి వస్తుంది. గ్రీజు, వాజెలిన్ పూసినా అనేక రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. ‘ఉబుకు’, ‘ఉబ్బు’ కూడా వేరు వేరే: మొదటిది స్థానం తప్పి బయటకు పొడుచుకురావడం, రెండోది తానే లావెక్కడం. వాషర్ చెడిన తీరును బట్టి కారణం చెప్పడానికి ఈ రెండు మాటలూ కావాలి.

ఇక ‘టైట్ చేయు’. బిగి, బిగువు, బిగుతు, బిగించు, బిగుసుకొను – ఇంత కుటుంబం ఉండగా ‘టైట్’ అవసరం లేదు. పైగా ‘మరింత టైట్ చేయాలి’ అన్న మీ వాక్యం ప్రమాదకరం. జెట్టు ప్లాస్టిక్, తొట్టి అక్రిలిక్. కారుతోందని పానాతో మళ్లీ మళ్లీ తిప్పితే మర తెగుతుంది, లేదా రంధ్రం అంచున సన్నని నెర్రె పుడుతుంది. ఆ నెర్రె మొదటి రోజు కనిపించదు, కొన్నాళ్లకు వేడినీళ్ల తాకిడికి సాగుతుంది. ‘చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు మాత్రమే తిప్పాలి’ అని కొలతతో రాయండి. ‘బిగించినంత’ కాదు, ‘బిగిసినంత’. బిగించేది మనిషి, బిగిసేది నట్టు. ఎక్కడ ఆగాలో నట్టే చెబుతుంది కాబట్టి అకర్మక క్రియే ఇక్కడ సరిపోతుంది. నట్టు తిప్పేటప్పుడు ముందున్న అంచును రెండో చేత్తో కదలకుండా పట్టుకోవాలన్నది కూడా చేర్చండి. రెండూ కలిసి తిరిగితే సిలికాన్ చుట్టు చెదిరిపోతుంది.

‘ఆరిన తరువాత’ అన్నది చూడటానికి చిన్న మాటే అయినా, మీ నాలుగు వాక్యాల్లో బాగా దారి తప్పించేది ఇదే. తెలుగులో ‘ఆరు’ అంటే తడి పోవడం. బట్టలు ఆరతాయి, వడియాలు ఆరతాయి, రంగు ఆరుతుంది. సిలికాన్‌లో ఆరడానికి నీరు లేదు. మామూలుగా దొరికే ట్యూబు సిలికాన్ గాలిలోని తేమను తనలోకి తీసుకుని గట్టిపడుతుంది. అంటే ‘ఆరు’కు నేరుగా ఎదురు పని. ‘ఆరాలి’ అని చదివినవారు ఫ్యాను పెడతారు, వేడిగాలి కొడతారు, ఎండ పడేలా తలుపులు తీస్తారు. వీటివల్ల తడి పోతుంది గాని, సిలికాన్‌కు కావలసిందే ఆ తడి. విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి పైపొర పది ఇరవై నిమిషాల్లోనే కడుతుంది. వేలితో తాకి అంటడం లేదని ‘ఆరింది’ అనుకుని నీళ్లు వదిలేస్తారు. లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుందని లెక్క. అంచుల కింద నొక్కుకుపోయిన చోట గాలి తగలదు కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది.

అందుకే ఇక్కడ రెండు మాటలు వాడండి: ‘పొర కట్టు’, ‘గట్టిపడు’. పాలు మీగడ కట్టడం, పాకం ముదరడం ఎలా వేరో ఇవీ అంతే. ‘పొర కట్టేలోపు అంచు తుడవాలి, గట్టిపడేదాకా నీళ్లు వదలకూడదు’ అంటే ఏ మేస్త్రీకైనా వెంటనే తెలుస్తుంది. గడువు ట్యూబు మీద ఉంటుంది. అది లేకపోతే పూర్తిగా రెండు రోజులు వదిలేయడం మేలు. గట్టిపడ్డాక నట్టు మళ్లీ తిప్పకూడదని తప్పక రాయాలి. అప్పుడు తిప్పితే పోయేది సిలికాన్ కాదు, దాని ‘పట్టు’. ఒకసారి పట్టు విడిస్తే పైన మరో పూత వేసినా ప్రయోజనం లేదు, పాత సిలికాన్ మీద కొత్తది అంటదు. విప్పి, పాతది ప్లాస్టిక్ రేకుతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మొదటి నుంచి చేయాలి. ఆ తుడుపుకు థిన్నరో పెట్రోలో వాడితే అక్రిలిక్ మెరుపు పోయి సన్నని పగుళ్లు పడతాయి.

‘వంపు’ గురించి. వంపు అంటే వంగడం. దారి వంపు, నడుము వంపు అంటాం. పైపుకు వంపు ఇవ్వమంటే ప్లంబరు పైపును మలుపు తిప్పే ఎల్బో వేస్తారు, అది ఆయన తప్పు కాదు. మీకు కావలసింది ‘వాలు’. తొట్టి ఖాళీ చేశాక పైపుల్లో నీళ్లు నిలిచి పాచి పట్టకుండా, మీటరుకు సుమారు ఒక సెంటీమీటరు వాలు ఇవ్వాలి. జెట్లకు గాలి అందించే గొట్టానికి మాత్రం వాలు కాదు, ‘ఎత్తు’ కావాలి. అది తొట్టి నీటిమట్టం దాటి పైకి వెళ్లాలి, లేకపోతే మోటారు ఆగగానే నీళ్లు అందులోకి ఎక్కుతాయి.

ఇప్పుడు ‘లీక్’. ఈ ఒక్క మాట వచ్చి కూర్చున్నాక మన భాషలో ఉన్న సూక్ష్మమైన తేడాలు పనివాళ్లకు అందకుండా పోతున్నాయి. కారు, ఊరు, చిమ్ము, చెమర్చు – ఇవి ఒకే అర్థానికి నాలుగు పర్యాయపదాలు కావు. ‘ఊరు’ నెమ్మదిగా లోపలి నుంచి పుట్టుకురావడం. ఊట, నోరూరడం, ఊరగాయ అన్నీ దీని బంధువులే. ‘కారు’ చుక్కలుగానో సన్నగానో కిందికి జారడం. ‘చిమ్ము’లో వెనక నుంచి తోసే బలం ఉంది. ‘చెమర్చు’ పైన మాత్రమే తడి కట్టడం.

పరీక్ష ఎలా చేయాలో ఈ మాటలతోనే చెప్పవచ్చు. అన్నిటికన్నా పైనున్న జెట్టు మీదికి కనీసం 5 సెంటీమీటర్లు వచ్చేలా నీళ్లు నింపి, మోటారు వేయకుండా అరగంట ఆగాలి. ఆ నిలవ నీళ్లకే జెట్టు వెనక తడి ఊరుతుంటే లోపం వాషర్ దగ్గరో సిలికాన్ దగ్గరో ఉంది. తరువాత 15 నుంచి 20 నిమిషాలు మోటారు నడపాలి. అప్పుడు మాత్రమే చిమ్మితే మోటారు నుంచి జెట్లకు వెళ్లే పైపు అతుకుల్లో ఉంది. మోటారు నడిచేటప్పుడు పొడిగా ఉండి, ఆపగానే కారడం మొదలైతే నీళ్లు లాగే వైపు అతుకును చూడాలి. నడిచేటప్పుడు అది నీళ్లు వదలదు, గాలి లాగుతుంది. గాలి గొట్టం వాల్వు పూర్తిగా మూసినా జెట్లలో బుడగలు వస్తున్నాయంటే అదే గుర్తు. ఇక, నీళ్లు గదిలోని గాలికన్నా బాగా చల్లగా ఉంటే పైపు బయట చెమరుస్తుంది, అది లోపం కాదు. తేల్చుకోవడానికి తొట్టి నీళ్లలో మిఠాయి రంగు కాస్త కలిపి, పైపు తుడిచి తెల్ల కాగితం అద్దాలి. రంగు అంటితే ఊట, అంటకపోతే చెమట. ఈ పరీక్ష అంతా తొట్టి పక్కగోడ కట్టి టైల్స్ వేయకముందే జరగాలి.

జెట్‌కు ‘జలోత్క్షేపిణి’ వద్దు. ఆ మాట చెబితే దుకాణంలో సామాను ఇవ్వరు. పాత కావ్యాల జలక్రీడల్లో ‘చిమ్మనగ్రోవి’ ఉంది, అందమైన మాటే. అయితే అది చేత్తో పట్టుకుని నీళ్లు చిమ్మే గొట్టం, గోడకు బిగించేది కాదు. ఒక విభజన మాత్రం మీకు పనికొస్తుంది. ఇంగ్లీషు ‘జెట్’ వస్తువుకూ పేరే, దానిలోంచి వచ్చే నీటికీ పేరే. మనకు నీటి వైపు ‘ధార’ ఉంది. సింహాచలం కొండ మీద గంగధార విశాఖవాసులందరికీ తెలిసిందే. వస్తువును జెట్టు అనండి, నీటిని ధార అనండి. ‘ధార తగ్గితే జెట్టు విప్పి శుభ్రం చేయాలి’ అన్న వాక్యంలో తికమక ఉండదు. ‘సుడినీళ్ల తొట్టి’ అన్నది మీరు కట్టుకున్న మాటైతే అభినందనలు. ‘సుడిగుండం’ అనకుండా మంచి పని చేశారు, అది మనిషిని లాగేసుకునే చోటు. ‘జకూజీ’ అన్నది అమెరికాలో స్థిరపడిన ఒక ఇటాలియన్ కుటుంబం ఇంటిపేరు. 1956లో వారు తెచ్చిన నీటి పంపుతో మొదలై, వనస్పతికి డాల్డా అన్నట్టు, వస్తువు పేరుగా స్థిరపడింది. వ్యాపార నామం కాబట్టి సూచనల్లో వాడకపోవడమే మంచిది.

‘వలెను’, ‘అయిన యెడల’ తీసేయండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడింది ఇలాంటి చోట నోటి మాట నిలబడాలనే.

మీ నాలుగు వాక్యాలకు బదులు ఇలా రాయవచ్చు: ‘రంధ్రం చుట్టూ వెనక వైపు చదును చేసి, వాషర్ అంతటా ఆనేలా పెట్టాలి. ముందు అంచు కింద సిలికాన్ తెగకుండా ఒక చుట్టు పూసి, జెట్టు కూర్చోబెట్టి, చేత్తో బిగిసినంత బిగించి, పానాతో పావు చుట్టు తిప్పాలి. ఉబికిన సిలికాన్‌ను పొర కట్టేలోపు తుడవాలి. గట్టిపడేదాకా నీళ్లు వదలకూడదు, గట్టిపడ్డాక నట్టు తిప్పకూడదు. పైపులకు మీటరుకు సెంటీమీటరు వాలు ఉండాలి. నీళ్లు ఊరితే బిగించకుండా విప్పి, మళ్లీ చేయాలి.’

చివరి ప్రశ్నకు: ‘జెట్లు’ అనండి. చెట్టు–చెట్లు, మెట్టు–మెట్లు అన్న దారిలోనే నట్టు–నట్లు, టికెట్టు–టికెట్లు నడిచాయి, జెట్టు కూడా అంతే. ‘జెట్‌లు’ తప్పని అనలేం గాని, పలికి చూస్తే నాలుక ‘జెట్లు’ దగ్గరికే వస్తుంది.